కట్టుబాట్ల పత్రంలో చివరి షరతు

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

పెళ్లి ఖర్చులు తగ్గించుకోవడానికి కుల సంఘాలు తమకు తాము కట్టుబాట్లు విధించుకోవడాన్ని మెచ్చుకుంటూ ఈమధ్య మీ ఉత్తరాల శీర్షికలో పలువురు పాఠకులు రాశారు. మా నాందేడ్ జిల్లా సరిహద్దు తాలూకాలైన బిలోలి, దెగ్లూరు, ధర్మాబాద్ పల్లెల్లో కూడా అలాంటి పత్రాలు చేతులు మారుతున్నాయి. వాటిని సభలో చదివి వినిపించే పని రిటైరైన బడిపంతులుగా అప్పుడప్పుడు నా మీద పడుతున్నది. అందుకని, ఆ మెచ్చుకోళ్లలో ఎవరూ ముట్టుకోని ఒక సంగతిని మీ పాఠకుల ముందు పెట్టాలనుకుంటున్నాను.

దూరపు జిల్లాల వారికి మా వైపు సంగతి కొంత చెప్పాలి. 1956 దాకా నాందేడ్ జిల్లా హైదరాబాద్ రాష్ట్రంలో భాగం. రాష్ట్రాల పునర్విభజనలో దెగ్లూరు తాలూకా నుంచి బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు, ముధోల్ తాలూకా నుంచి ముధోల్, భైంసా, కుబీర్ సర్కిళ్లు తెలుగు రాష్ట్రానికి వెళ్లాయి. మేము మొదట బొంబాయి రాష్ట్రంలో, 1960 నుంచి మహారాష్ట్రలో ఉండిపోయాము. గీత మారింది గానీ వియ్యాలు మారలేదు. మంజీర వంతెన దాటితే సాలూర, ఆ పైన బోధన్. మా ఆడపిల్లలు అక్కడ కాపురాలు చేస్తున్నారు, అక్కడి ఆడపిల్లలు మా ఇళ్లకు కోడళ్లుగా వచ్చారు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది మరాఠీ కావడంతో మావాళ్లలో చాలామందికి తెలుగు అక్షరాలు రావు. అందువల్ల కుల పెద్దలు తెలుగులో కూర్చుని, తెలుగులోనే వాదించుకుని, తీర్మానాన్ని మాత్రం మరాఠీలో రాసుకుంటారు. సంతకాలు, వేలిముద్రలు పడ్డాక దాన్ని తిరిగి తెలుగులో వినిపించాలి.

ఆ పత్రాల్లో ఉండేవి చాలావరకు మంచి మాటలే. కట్నం ఇంతకు మించి అడగరాదు, నిశ్చయానికి ఇంతమందికి మించి పోరాదు, బారాత్‌లో డీజే పెట్టరాదు, పెళ్లిలో మద్యం పోయరాదు, చావు భోజనాలకు అప్పు చేయరాదు. వీటిని కాదనే మనిషి నాకు ఇంతవరకు తారసపడలేదు. డీజే విషయంలోనైతే నా ఓటు నిస్సందేహంగా పెద్దమనుషులకే. బారాత్ మా వీధి దాటే దాకా మా ఇంటి కిటికీ తలుపులు అదురుతూనే ఉంటాయి. కొన్ని పత్రాల్లో ఈ మంచి షరతుల వెనుకే మరికొన్ని వచ్చి చేరతాయి. పెళ్లికాని ఆడపిల్లల చేతికి ఫోను ఇవ్వరాదనీ, కులం బయట సంబంధం కలుపుకున్న ఇంటితో ఎవరూ పొత్తు పెట్టుకోరాదనీ రాసి ఉంటుంది. అన్నింటికీ కలిపి చివర ఒకే ఒక షరతు ఉంటుంది. కట్టుబాటు మీరినవాడు సంఘానికి ఇంత తప్పు, అంటే జరిమానా, కట్టాలి, కట్టకపోతే అతని ఇల్లు వెలి, ఆ ఇంటికి పోయి వచ్చినవాళ్లకూ అదే శిక్ష.

నా అభ్యంతరమంతా ఆ చివరి షరతు మీదనే. కట్నం తగ్గాలని కోరుకునేవారు ఈ షరతును ఒక చిన్న చేదు మందులాగా మింగేస్తున్నారు. కానీ కట్నం అడిగినవాడిని వెలివేసే అధికారం పెద్దల చేతికి ఒకసారి ఇచ్చాక, నచ్చినవాడిని పెళ్లాడిన పిల్ల తండ్రిని వెలివేయడానికి కొత్త అధికారం అడగవలసిన అవసరం వాళ్లకు ఉండదు. నిరుడు రాసిన కాగితమే ఈ ఏడూ సరిపోతుంది. పైగా తప్పు కట్టగలిగినవాడు డబ్బు చెల్లించి డీజే పెట్టుకుంటాడు, దానికి రశీదు కూడా తీసుకుంటాడు. కట్టలేనివాడే వెలి దాకా పోతాడు. వసూలైన డబ్బు గుడికో భవనానికో పోతుందని చెబుతారు. ఎక్కువసార్లు అది విందుకు పోవడమే నేను చూశాను. ఇక ఈ సభల్లో ఆడవాళ్లు కూర్చోవడం అరుదు, కూర్చున్నా మాట్లాడడం ఇంకా అరుదు. పత్రంలోని షరతులు ఎక్కువగా వాళ్ల పెళ్లిళ్లు, వాళ్ల బట్టలు, వాళ్ల ఫోన్ల గురించినవే.

ఇలా రాస్తే, నియమాలే వద్దంటున్నానని కొందరు అనుకోవచ్చు. కలిసి బతికే చోట నియమం లేకుండా పూట గడవదన్న సంగతి రైతు కుటుంబంలో పుట్టిన నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ కాలువల కింద సాగుచేసే మా చుట్టాలను అడగండి. నీటి వంతు తప్పి ఎగువ రైతు తూము ఎత్తితే ఆఖరి మడి ఎండుతుంది. కాబట్టి వంతు ఎందుకని ఎవడైనా అడిగితే ఆ ఎండిన మడిని చూపించవచ్చు. సాగుభూమి పెరిగినా, చెరుకు పోయి వరి వచ్చినా వంతును మళ్లీ కూర్చుని మార్చుకోవచ్చు. తూము ఎత్తినవాడితో తగవు పడతారు, అధికారికి చెబుతారు. అంతేగాని అతని కూతురి పెళ్లికి పోవద్దని ఎవరూ చాటింపు వేయరు. కారణం అడిగితే చెప్పగలగడం, కారణం మారితే తానూ మారగలగడం, మీరినవాడికి ఆ తప్పు మేరకే శిక్ష పడడం, ఈ మూడు గుణాలూ ఉన్న నియమం మనిషిని ముందుకు నడిపిస్తుందని నా నమ్మకం.

మంచి కారణంతో పుట్టిన నియమం కూడా ఆ గుణాలను పోగొట్టుకుంటే ఏమవుతుందో 2020 వేసవిలో అందరం చూశాము. పట్నాల నుంచి నడిచి వచ్చిన కూలీలను కొన్నాళ్లు వేరుగా ఉంచాలన్నది వైద్యులు చెప్పిన మాట. దానికి కారణమూ ఉంది, గడువూ ఉంది. చాలా ఊళ్లు పొలిమేరల్లో ముళ్లకంపలు అడ్డం వేశాయి. అక్కడిదాకా భయం అనుకుందాము. పద్నాలుగు రోజుల గడువు ముగిసినా ఆ కూలీల పిల్లలను బోరింగు దగ్గరికి రానివ్వని వీధులు ఉన్నాయి. అక్కడ వైద్యుడి మాట ఎప్పుడు అయిపోయిందో, వెలి ఎప్పుడు మొదలైందో గీత గీసి చూపించవచ్చు.

ఇంతకన్నా పెద్ద ఉదాహరణ మాకు దగ్గర్లోనే, నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో ఉంది. కుష్ఠు వచ్చినవాణ్ని ఊరి బయటికి పంపడం వందల ఏళ్ల నియమం. మందు లేని రోజుల్లో ఆ భయానికి ఏదో ఒక కారణం ఉందనే అనుకుందాము. 1898లో బ్రిటిష్ ప్రభుత్వం కుష్ఠురోగుల చట్టం తెచ్చి, అడుక్కునే రోగులను పట్టి వేరుగా నిర్బంధించడానికి వీలు కల్పించింది. 1915లో ఇసాబెల్ కెర్ అనే స్కాటిష్ వైద్యురాలు, ఆమె భర్త కలిసి డిచ్‌పల్లిలో ఆసుపత్రి తెరిచారు. దానికి పెద్ద విరాళం ఇచ్చింది రాజా నర్సాగౌడ్ అనే స్థానిక సంపన్నుడు. ఊరు వెళ్లగొట్టినవారి కోసం ఇల్లు కట్టే పనికి ఒక పరాయి దేశపు స్త్రీ, ఒక ఊరి పెద్దమనిషి కలిసి రావడం ఆ కాలపు కట్టుబాట్లలో ఎక్కడా రాసిలేని పని. తర్వాత మందులు వచ్చాయి. 1980ల నుంచి బహుళ ఔషధ చికిత్స అందుబాటులోకి వచ్చి, జబ్బు పూర్తిగా నయమవుతున్నది. అయినా ఆ 1898 నాటి చట్టం కాగితం మీద 2016 దాకా నిలిచే ఉంది. కుష్ఠు ఉన్నదన్న ఒక్క కారణంతో భార్యనో భర్తనో విడిచిపెట్టే వీలు మన వ్యక్తిగత చట్టాల్లో 2019 దాకా ఉంది. నియమానికి కారణం పోయాక కూడా నియమం ముప్పై నలభై ఏళ్లు బతికింది. అది పార్లమెంటు చేతిలో ఉన్న రాతపూర్వకమైన చట్టం కాబట్టి, అడిగినవాళ్లు ఉన్నారు కాబట్టి, ఆలస్యంగానైనా పోయింది. కారణం ఏనాడూ రాసుకోని కట్టుబాటు ఎప్పుడు పోవాలో, ఎవరిని అడగాలో చెప్పగలవారు ఎవరు?

నాకు మరో సంగతి విచిత్రంగా తోస్తుంది. మేము గోదావరి పరివాహక ప్రాంతం వాళ్లము, తెలుగుకూ మరాఠీకీ మధ్య బతుకుతున్నవాళ్లము. ఈ రెండు భాషల సమాజాలూ ఈరోజు తమ గొప్పగా చెప్పుకునేవాటిలో ఎన్నో వెలివేయబడినవారి చేతుల మీదుగా వచ్చినవే. సంన్యాసం తీసుకుని తిరిగి సంసారంలోకి వచ్చినందుకు విఠ్ఠలపంతును, ఆయన నలుగురు పిల్లలను ఆళందిలో బ్రాహ్మణ సమాజం వెలివేసిందనీ, శుద్ధిపత్రం కోసం ఆ పిల్లలు గోదావరి ఒడ్డున ఉన్న పైఠణ్ దాకా పోవలసి వచ్చిందనీ సంప్రదాయం చెబుతుంది. ఆ పిల్లల్లో ఒకడు జ్ఞానేశ్వరుడు. సంస్కృతంలోనే ఉండాలనుకున్న గీతార్థాన్ని 1290లో మరాఠీలో చెప్పాడు. ఇప్పుడు ఆషాఢంలో ఆయన పాదుకలను పల్లకిలో పెట్టుకుని లక్షల మంది పండరికి నడుస్తారు. మా ఊళ్ల నుంచి పోయేవాళ్లలో కట్టుబాట్ల పత్రం మీద సంతకం చేసిన పెద్దలు కూడా ఉంటారు.

ధోండో కేశవ్ కర్వే 1893లో వితంతువును పెళ్లి చేసుకున్నప్పుడు ఆయన సొంత ఊరు మురుడ్ ఆయనను వెలివేసింది. అదే మనిషి 1916లో మహిళా విశ్వవిద్యాలయం స్థాపించాడు, 1958లో నూరేళ్ల వయసులో భారతరత్న అందుకున్నాడు. మన కందుకూరి వీరేశలింగం పంతులు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు ఆ ఇంటికి రావడం మానేశారు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు తానే వండి, తానే గోదావరి నుంచి నీళ్లు తెచ్చుకున్నారు. వితంతు వివాహాన్ని చట్టబద్ధం చేసింది 1856లోనే అన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. పాతికేళ్ల పాటు చట్టం ఉంది, దాన్ని వాడుకునే ధైర్యం మాత్రం ఊరికి లేదు. ఊరికి భయపడనివారు కొందరు పుట్టేదాకా చట్టం కాగితంగానే ఉండిపోయింది.

ఇక్కడ నేను ఒక జాగ్రత్త చెప్పుకోవాలి. వెలిపడిన ప్రతివాడూ జ్ఞానేశ్వరుడు కాడు. మా పల్లెల్లో వెలి ఎదుర్కొంటున్నవాళ్లు ఎక్కువమంది సంఘాన్ని సంస్కరించాలని బయలుదేరినవాళ్లు కూడా కాదు. భూమి తగాదాలో పెద్దల తీర్పు ఒప్పుకోకుండా కోర్టుకు పోయినవాడు, పంచాయతీ ఎన్నికల్లో సంఘం చెప్పిన అభ్యర్థికి ఓటు వేయలేదని అనుమానం పడ్డవాడు, కొడుకు ప్రేమ పెళ్లిని తెలిసీ ఆపలేకపోయిన తల్లి, తప్పు కట్టడానికి డబ్బు లేనివాడు. వీళ్ల వల్ల రేపు గొప్ప కావ్యం వస్తుందనో విశ్వవిద్యాలయం లేస్తుందనో ఎవరూ హామీ ఇవ్వలేరు. గొప్పవాళ్లయ్యాకే క్షమిస్తామంటే అది న్యాయం కాదు, జూదం. మామూలు మనిషి మామూలుగా భిన్నంగా ఉండగలిగిన చోటనే ఎప్పుడో ఒకసారి అసామాన్యుడు కూడా ఊపిరి పీల్చుకోగలుగుతాడు.

మంది మాటకు మనిషి ఎంత త్వరగా లొంగుతాడో 1951లో అమెరికాలో సోలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పరీక్షించి చూశాడు. ఒక గీతను చూపించి, పక్కనున్న మూడు గీతల్లో దానితో సమానమైనది ఏదని అడిగాడు. చిన్నపిల్లవాడు కూడా చెప్పగలిగిన జవాబు. గదిలో ఉన్నవాళ్లలో ఒక్కడు తప్ప అందరూ ముందే మాట్లాడుకుని కావాలనే తప్పు చెప్పేవారు. ఆ ఒక్కడు తన కళ్లు చూస్తున్నదాన్ని కాదని, సుమారు మూడింట ఒక వంతు సార్లు వాళ్లతో పాటు తప్పే చెప్పాడు. పరీక్షకు కూర్చున్న ప్రతి నలుగురిలో ముగ్గురు ఒక్కసారైనా లొంగారు. ఈ భాగాన్ని చాలామంది చెబుతారు, దీని తర్వాతి భాగాన్ని చెప్పరు. అదే గదిలో సరైన జవాబు చెప్పే మనిషిని ఇంకొకడిని కూర్చోబెట్టగానే, మిగతా మంది అంతా మునుపటిలాగే తప్పు చెబుతున్నా, లొంగిపోవడం అంతకుముందున్నదానిలో దాదాపు నాలుగో వంతుకు తగ్గింది. ఒంటరిని నిలబెట్టడానికి సగం ఊరు అక్కరలేదు, తోడు ఒక్కరుంటే చాలు. వీరేశలింగం గారి వెనుక కూడా కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య గారి డబ్బు, కొందరు విద్యార్థుల అండ ఉన్నాయి.

దీన్నిబట్టి చూస్తే, ఆ ఇంటికి పోయి వచ్చినవాళ్లకూ అదే శిక్ష అన్న మాట పత్రంలో ఎందుకు చేరుతుందో అర్థమవుతుంది. రాసినవారికి మనస్తత్వ శాస్త్రంతో పనిలేదు, అనుభవంతోనే తెలుసు. మీరినవాణ్ని శిక్షించడం కన్నా, అతనికి తోడు దొరకకుండా చేయడమే దాని పని. గిర్నీలో పిండి పట్టకపోవడం, మంగలి రాకపోవడం, చావుకు పాడె మోసేవాడు లేకపోవడం, ఇవన్నీ ఆ తోడును తెంపే మార్గాలే. చుట్టపక్కలవాళ్లకు ఆ ఇంటి మీద కోపం ఉండనవసరం లేదు. రేపు తమ ఇంటికీ ఇదే గతి పడుతుందన్న భయం ఉంటే చాలు.

ఈ ఆయుధం ఎంత పదునైనదో బాబాసాహెబ్ అంబేడ్కర్‌కు తెలిసినంతగా మరొకరికి తెలియదు. 1930 నాటి రౌండ్ టేబుల్ సమావేశంలో అణగారిన వర్గాల రక్షణల కోసం ఆయన ఇచ్చిన పత్రంలో, సాంఘిక బహిష్కారాన్ని శిక్షార్హమైన నేరంగా నిర్వచించాలని అడిగారు. ఆ నిర్వచనానికి 1922 నాటి బర్మా బహిష్కార నిరోధక చట్టాన్ని ఆధారంగా తీసుకున్నారు. దళితులు నీళ్లు, నేల, కూలి అడిగినప్పుడల్లా అగ్రకులాలు దెబ్బలకన్నా ముందు ఎత్తేది ఈ ఆయుధాన్నేనని ఆయన వాదన. 1936లో లాహోర్ సభ కోసం రాసిన ప్రసంగంలో నియమానికీ సూత్రానికీ ఉన్న తేడాను వివరించారు. నియమం ఏం చేయాలో చెబుతుంది, సూత్రం ఏది మంచో తూచి చూసుకునే కొలతను ఇస్తుంది; నియమాన్ని పాటించేవాడికి బాధ్యత ఉండదు, సూత్రాన్ని పాటించేవాడు తన పనికి తానే బాధ్యుడు అన్నది దాని సారం. కులం పోవాలని పెట్టుకున్న సంఘమే ఆ ప్రసంగంలోని మాటలకు భయపడి సభను రద్దు చేసుకుంది. ఆయన దాన్ని సొంతంగా అచ్చు వేయించుకున్నారు. సంస్కరణ సంఘాలకు కూడా తమ హద్దు దాటని మనిషే కావాలి మరి.

చట్టం సంగతికి వస్తే, బొంబాయి రాష్ట్రం 1949లోనే బహిష్కార నిరోధక చట్టం చేసింది. మతశాఖలు తమ వ్యవహారాలు తాము చూసుకునే హక్కుకు అది భంగకరమని 1962లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది. ఆ తర్వాత అయిదు దశాబ్దాల పాటు జాత్ పంచాయతీల, అంటే కుల పంచాయతీల, మీద ప్రత్యేకమైన చట్టం లేదు. జాత్ పంచాయతీల దౌర్జన్యాల మీద పనిచేసిన డాక్టర్ నరేంద్ర దాభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న పుణెలో కాల్చి చంపారు. ఆయన సహచరులు పని ఆపలేదు. సాంఘిక బహిష్కారం నుంచి ప్రజలను రక్షించే చట్టాన్ని మహారాష్ట్ర శాసనసభ 2016 ఏప్రిల్‌లో ఆమోదించింది, రాష్ట్రపతి ఆమోదంతో అది 2017 జూలైలో అమల్లోకి వచ్చింది. వెలివేసినవారికి మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. వెలివేయాలని తీర్మానించడం, దానికి ప్రోత్సహించడం కూడా నేరమే. అభియోగపత్రం దాఖలైన నాటి నుంచి ఆరు నెలల్లో విచారణ ముగించాలని అందులో ఉంది. ఇలాంటి చట్టం చేసిన మొదటి రాష్ట్రం మహారాష్ట్ర. అంటే, మా పల్లెల్లో చేతులు మారుతున్న ఆ పత్రం చివరి షరతు ఒక నేరానికి పెద్దలందరూ సంతకాలు పెట్టి ఇచ్చిన సాక్ష్యం. ఈ మాట నేను సభలో చెప్పినప్పుడు కొందరు నవ్వారు, ఒకరిద్దరు మాత్రం సంతకం చేసిన చోటును వెతుక్కున్నారు.

అయితే సరిహద్దు దగ్గర ఈ చట్టం సగమే పనిచేస్తుంది. మా ఇంటిని ఇక్కడ వెలివేస్తే అమలు చేసేది ఇక్కడి పెద్దలు మాత్రమే కాదు, సరిహద్దు అవతల బోధన్, మద్నూరు, బాన్సువాడ వైపు ఉన్న వియ్యాలవారు కూడా. పెళ్లి పిలుపు ఆగేది అక్కడ, కూతురిని పుట్టింటికి పంపకపోయేది అక్కడ. అవతలి వైపు తెలంగాణలో ఇలాంటి ప్రత్యేక చట్టం లేదు. నిజామాబాద్, నిర్మల్, జగిత్యాల జిల్లాల్లో గ్రామాభివృద్ధి కమిటీలు కొన్ని కులాలను, కుటుంబాలను వెలివేసి, జరిమానాలు వసూలు చేసిన వార్తలు మీ పత్రికతో సహా అన్ని పత్రికల్లో ఏళ్ల తరబడి వస్తూనే ఉన్నాయి. షెడ్యూల్డ్ కులాలు, తెగల వారిని ఇతరులు సాంఘికంగా, ఆర్థికంగా బహిష్కరిస్తే దేశమంతటా వర్తించే అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. 2016 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన సవరణ దాన్ని స్పష్టంగా నేరంగా చేర్చింది. కానీ ఒకే కులంలో, సొంత పెద్దలే వెలివేస్తే ఆ చట్టం పనికిరాదు. బెదిరింపు, బలవంతపు వసూలు వంటి సాధారణ సెక్షన్లే దిక్కు. పిలుపు రాకపోవడాన్ని బెదిరింపుగా నిరూపించడం ఎవరి తరం?

ఇవతలి వైపు మాత్రం అంతా సవ్యంగా ఉందా అంటే, అదీ లేదు. ఫిర్యాదు మరాఠీలో రాసివ్వాలి. వెలిపడిన ఇంటి పెద్దకు తెలుగే వస్తుంది, రాసిపెట్టే చదువుకున్నవాడు అదే కులంవాడై ఉంటాడు. 2007లో మొదలైన తంటాముక్తి పథకం కింద ప్రతి ఊళ్లో తగాదాలు తీర్చే కమిటీ ఏర్పడింది. చిన్న చిన్న తగవులు కోర్టుకు పోకుండా ఆగడం మంచిదే. కానీ తగాదాలు లేని ఊరని పేరు తెచ్చుకోవాలన్న ఆరాటంలో, వెలివేసినవారికీ వెలిపడినవారికీ మధ్య రాజీ కుదర్చడం ఒక ఘనకార్యంగా మారుతుంది. రాజీ అంటే తప్పు డబ్బు సగానికి తగ్గించడమే. చట్టం ప్రకారం బాధితుడి సమ్మతి, కోర్టు అనుమతి ఉంటేనే రాజీ చెల్లుతుందన్న సంగతి ఆ కూర్చున్నవాళ్లకు చెప్పేవారుండరు.

పెద్దలు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది, దాన్ని తేలికగా తీసిపారేయలేను. వెలి భయం లేకపోతే కట్నం ఎవడు మానుతాడు, డీజే ఎవడు ఆపుతాడు అంటారు. కట్నం తీసుకోవడం 1961 నుంచే నేరం. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు మోగించరాదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. వాటి కోసం ఊళ్లో పోలీసు వ్యవహారాలు చూసే పోలీస్ పాటిల్ దగ్గరికి వెళ్లి ఫిర్యాదు ఇవ్వడానికి జంకే పెద్దలు, కూలివాడి ఇంటిని వెలివేయడానికి మాత్రం జంకరు. ఎందుకంటే మొదటి పనిలో ఎదుటివాడు కలవాడు కావచ్చు. ఖర్చు తగ్గించాలన్న కోరిక నిజమైనదైతే సామూహిక వివాహాలు జరిపించవచ్చు, సంఘం భవనాన్ని ఉచితంగా ఇవ్వవచ్చు, అన్నింటికన్నా ముందు పెద్దలే తమ ఇళ్లలో పెళ్లిళ్లు తక్కువ ఖర్చుతో చేసి చూపించవచ్చు. ఈ చివరి పద్ధతి వేగంగా పనిచేస్తుందని ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు, దాన్ని పాటించిన పెద్దలు మాత్రం తక్కువ. వాళ్ల ఇంటి పెళ్లికే అందరికన్నా పెద్ద పందిరి వేయాలి కదా.

పోతే, మీ ద్వారా రెండు విన్నపాలు. తెలంగాణ శాసనసభ్యులు, ముఖ్యంగా బోధన్, జుక్కల్, ముధోల్ వంటి సరిహద్దు నియోజకవర్గాల వారు, మహారాష్ట్ర చట్టం వంటి చట్టాన్ని తమ సభలో ప్రతిపాదించాలి. కులం లోపలి వెలికీ, గ్రామాభివృద్ధి కమిటీల వెలికీ వర్తించేలా అది ఉండాలి. వెలి అమలు పక్క రాష్ట్రంలో జరిగినప్పుడు రెండు వైపుల పోలీసులు కలిసి పనిచేసే ఏర్పాటు కూడా ఉండాలి. మీ పత్రిక ఇప్పటికే అమల్లో ఉన్న చట్టంలోని ముఖ్యమైన సెక్షన్లను సులభమైన తెలుగులో అచ్చు వేస్తే, బోధన్ నుంచి వచ్చే బస్సులో ఆ కాగితం మా ఊళ్లకు చేరుతుంది.

మా కుల పెద్దలకు చెప్పవలసింది నేను ఎదురుగానే చెప్పాను, ఇక్కడ కూడా రాస్తున్నాను. పెళ్లిళ్ల కాలం తిరిగి వచ్చేలోపు సంఘాలు మళ్లీ కూర్చుంటాయి. అప్పుడు పత్రంలోని చివరి షరతును కొట్టివేయండి. మిగిలిన షరతులను ఒక్కొక్కటిగా, ఆడవాళ్లు కూడా సమానంగా కూర్చున్న సభలో, చేతులెత్తించి కాకుండా చీటీల మీద ఓటు వేయించి తేల్చండి. ఖర్చుల మీద, మద్యం మీద ఆ ఆడవాళ్లు పెట్టే హద్దులు ఇప్పుడున్నవాటికన్నా కఠినంగానే ఉంటాయని నా అనుమానం. ఫోను గురించిన షరతు మాత్రం ఆ సభ దాటి బయటికి రాదు.

ఇట్లు,
రిటైరైన ఉపాధ్యాయుడు,
బిలోలి తాలూకా, నాందేడ్ జిల్లా, మహారాష్ట్ర